ఏడో గడి

ఓ పెద్దాసుపత్రి లాండ్రీ గోడ మీద వారం వారం మారే డ్యూటీ చార్టు ఒకటుంది. దానిలో పదకొండేళ్ళపాటు మారనిది ఒక్కటే: ఒక గడిలో పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క. ఆ చుక్క ఎందుకుందో లాండ్రీలో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అడగలేదు. పెట్టిన మనిషి కూడా అడగలేదు.

ఆవిడను అందరూ చార్టక్క అంటారు. ఉద్యోగం మాత్రం చార్టు రాయడం కాదు, దుప్పట్లు మడత పెట్టడం. డ్రైయర్లోంచి వేడివేడిగా వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గుడ్డలు మడత బల్ల మీద పరిచి, ఎనిమిది మడతలేసి, వార్డుల వారీగా బళ్ళకెత్తించడం. పదకొండేళ్ళ క్రితం ఒక శుక్రవారం సూపర్‌వైజర్ చార్టు కాగితం, స్కేలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, నా చేతిరాత నాకే అర్థం కావట్లేదు. ఈ ఒక్క వారం నువ్వు రాసిపెట్టు." ఆ ఒక్క వారం ఇంకా అయిపోలేదు. రాసేది ఈవిడ, కింద సంతకం ఆయనది.

అదే నెలలో డ్రైయర్ దగ్గరుండే పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. పద్నాలుగు మంది చేసే పని పదమూడు మంది మీద పడింది. వారానికి ఆరు డ్యూటీలు ఖాళీ. చార్టక్క వాటిలో ఐదింటిని అటు జరిపి ఇటు జరిపి, ఒకరి పొద్దుటి షిఫ్టుకు ఇంకొకరి మధ్యాహ్నం తోకగా తగిలించి, ఎలాగో పంచేసింది. ఆరోది ఎటు లాగినా సరిపోలేదు. అది ఆదివారం డ్యూటీ. ఆదివారం ఆవిడ సెలవు రోజు. తన వరుసలో ఏడో గడిలో ఉన్న 'సె' అనే అక్షరాన్ని రబ్బరుతో చెరిపి, అక్కడ చుక్క పెట్టి, తనే వచ్చింది.

ఆ చుక్క మాహాత్మ్యం చూడండి. 'డ్యూటీ' అని రాస్తే అదనపు జీతం ఇవ్వాలి. 'సె' అని ఉంచితే మనిషి రాకూడదు. చుక్కకు మాత్రం ఏ రూలు పుస్తకంలోనూ అర్థం లేదు. అది సెలవూ కాదు, పనీ కాదు. మనిషి నిలబడి దుప్పట్లు మడుస్తూనే ఉంటుంది, కాగితం మీద మాత్రం ఉండదు. మనుషుల్ని పిండడానికి కొరడాలు కావాలనుకునేవాళ్ళు పాతకాలం వాళ్ళు. "కొంచెం సర్దుకో అమ్మా" అన్న మెత్తని మాట చాలు. ఆ మాటతో నడుస్తున్న ఆఫీసులు ఎన్నున్నాయో లెక్క తీస్తే, వాటికి ఇనుప గేట్లెందుకో అర్థం కాదు.

ఇలా చెప్తే చార్టక్క ఏదో కన్నీటి మనిషి అనుకునేరు. ఆవిడ నోరు మహా గడుసు. ఇస్త్రీ మిషను దగ్గరుండే కుర్చీబాబు (ఎక్కడ కుర్చీ కనబడితే అక్కడ కూలబడతాడు కాబట్టి ఆ పేరు) సెలవు కోసం వాళ్ళ నాయనమ్మను నాలుగుసార్లు చంపాడు. నాలుగుసార్లూ ఆవిడ సెలవిచ్చింది. ఐదోసారి వచ్చినప్పుడు మాత్రం, "ఈసారైనా ఆవిడ్ని జాగ్రత్తగా చూసుకో బాబూ, పాపం పోయి పోయి అలసిపోయి ఉంటుంది" అంది. సెలవు ఆ వారమూ ఇచ్చింది. సెలవుల విషయంలో ఆవిడకో సూత్రం ఉంది: అడిగినవాడికి ఎలాగూ ఇస్తాం, అడగనివాడికి ముందివ్వాలి. అడగనివాడు ఒకరోజు ఉన్నట్టుండి కూలిపోతాడు, అప్పుడు చార్టు మొత్తం కూలిపోతుంది.

ఇక సైకిళ్ళ సంగతి.

చార్టక్కకు సైకిలు తొక్కడం రాదు. ఆవిడ అన్న కూతురు ఏడాది క్రితం పరీక్షల ముందు ఫోను పట్టుకొచ్చింది. దాంట్లో ఒక ఆట. సైకిల్ రేసుల జట్టుకి మనం మేనేజరు. ఎవర్ని ఏ రేసుకి పంపాలి, ఎవరికి విశ్రాంతి, ఎవరు ముందు తొక్కాలి, ఎవరు వెనక నీళ్ళ సీసాలు మోయాలి, అన్నీ మనమే తేల్చాలి. తొక్కడం వాళ్ళు తొక్కుకుంటారు.

"అత్తా, ఈ ఒక్క వారం నా జట్టును నీ ఫోన్లో చూసుకోవా? పరీక్షలయ్యాక తీసేసుకుంటాను."

ఆ మాట విన్నప్పుడే ఆవిడ జాగ్రత్త పడాల్సింది. పరీక్షలయ్యాయి, కోడలు పిల్ల జట్టు సంగతి మర్చిపోయింది, జట్టు అత్త మెడకు చుట్టుకుంది.

మొదట ఆ తెర చూడగానే ఆవిడకు పుట్టింటికొచ్చినట్టయింది. అడ్డంగా రేసులు, నిలువుగా మనుషులు, మధ్యలో గళ్ళు. ప్రతి రైడరు పక్కనా అలసట చూపించే గీత: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. "మా సెక్షన్లో కూడా మనుషులకి ఇలాంటి గీతలుంటే ఎంత బావుండేదే!" అంది. రైడర్ల పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకుంది. కొండలెక్కే బక్కవాడు పొడుగాయన. ఫొటోలో ఎప్పుడూ దిగులుగా ఉండేవాడు ఏడుపుమొహం. జట్టులో అందరికన్నా పెద్దవాడు, ముప్ఫై ఏడేళ్ళవాడు, ఏ రేసూ గెలవనివాడు, అందరికీ సీసాలు మోసేవాడు నీళ్ళాయన.

రోజూ మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, భర్త కుట్టు మిషను పక్కన స్టూలేసుకుని పది నిమిషాలు జట్టు చూసుకునేది. భర్త దర్జీ. ముందు గదే ఆయన షాపు. ఆట గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే: ఇంట్లో తనకన్నా ఆ పొడుగాయన గురించి ఎక్కువ మాటలు నడుస్తున్నాయని.

"ఏమోయ్, మీ పొడుగాయనకి ఒంట్లో ఎలా ఉంది?"

"పసుపులో ఉన్నాడండీ. రెండు రేసులు ఆపాను."

"నేను పొద్దుటి నుంచీ ఆరు కాలర్లు కుట్టాను. నేను ఏ రంగులో ఉన్నాను?"

"మీరా? మీరు ఆకుపచ్చే. నోరు ఆడుతోందిగా."

జట్టు నడిపింది చార్టు పద్ధతిలోనే. అందరికీ వంతుల వారీగా విశ్రాంతి. ఎవ్వరూ ఎరుపులోకి పోవడానికి వీల్లేదు. ఆ ఆటలో గెలిచే మేనేజర్లంతా ఉన్నవాళ్ళలో మేటిని ప్రతి రేసుకీ తోలి, సీజన్ చివరికి పిప్పి చేసేవాళ్ళు. చివరి నెలలో మిగతా జట్లన్నీ ఎర్రగా కళ్ళు తేలేస్తుంటే, చార్టక్క జట్టు పచ్చగా చేలో నారులా నవనవలాడింది. నెమ్మదిగా, ఒక్క పెద్ద గెలుపూ లేకుండా, పట్టికలో రెండో స్థానానికి పాక్కుంటూ వచ్చింది. తెర మీద రంగు కాగితాలు రాలాయి. జట్టు పై డివిజన్‌కు వెళ్ళింది.

కబురు తెలిసి గురువారం సాయంత్రం కోడలు పిల్ల పరిగెత్తుకొచ్చింది. జట్టు తనదేనని అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తా! కొత్త జాబితా ఆదివారం పొద్దున పది లోపల పంపాలట. పది గంటలకే మొదటి రేసు. పై డివిజన్లో మొదటి రేసుకి మేనేజరు ఫోను ముందుండాలి, లేకపోతే ఆటే ఇష్టమొచ్చినట్టు నడిపేస్తుంది."

"ఆదివారమా? నాకు డ్యూటీ ఉందే. ఫోను లాకర్లో పెట్టాలి. కింది డివిజన్ రేసులైతే బుధవారం సాయంత్రాలు ఉండేవి."

"ఆదివారం నీకు సెలవు కాదూ?"

"సెలవే. డ్యూటీకి వెళ్ళాలి."

మిషను ఆగింది. దర్జీ అద్దాల పైనుంచి చూశాడు. "అడక్కే కోడలా. నేను పదకొండేళ్ళుగా అడుగుతున్నాను. జవాబు ప్రతి ఆదివారం పొద్దున ఐదింటికి సంచి తగిలించుకుని వెళ్ళిపోతుంది."

కోడలు పిల్ల తెర మీద వేలు జరుపుతూ పాత రేసులు చూడసాగింది. జరిపి జరిపి ఆగింది. మళ్ళీ వెనక్కి జరిపింది.

"అత్తా, రేసుకి ఏడుగురు కదా. నువ్వు ప్రతిసారీ ఆరుగురినే పంపావేం?"

"ఏడో గడి ఖాళీగా ఉంచాలిగా."

"ఎందుకూ?"

"ఎందుకేమిటే, ఎవరైనా రాకపోతే?"

"రాకపోతే?"

"రాకపోతే ఆ గడిలోకి..." అని చార్టక్క ఆగిపోయింది.

"ఆ గడిలోకి ఎవరొస్తారత్తా?"

చార్టక్క చీర కొంగు సర్దుకుంది. జవాబు చెప్పడానికి సిగ్గేసింది. చివరికి గొణిగింది. "నేను."

దర్జీ పకపకా నవ్విన నవ్వుకి సూది విరిగింది. "నువ్వా! మీ అత్త సైకిలెక్కిందంటే కొండే దిగొచ్చి దారిస్తుందే!"

"నవ్వకు మావయ్యా! ఏడాది మొత్తం ఒక మనిషి తక్కువతో ఆడి ప్రమోషన్ తెచ్చుకుంది!" కోడలు పిల్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నీకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?"

"అలవాటే అమ్మాయ్. చార్టులో చివరి గడి నాదే. అది ఎవరికీ ఇవ్వను."

"అయితే ఇప్పుడు ఇవ్వాలి. పై డివిజన్లో గడి ఖాళీ ఉంటే 'పంపు' బటన్ పనిచేయదు. చూడు, నొక్కు."

నొక్కింది. బటన్ బూడిద రంగులో బిగుసుకుపోయి ఉంది. ఇంకోసారి గట్టిగా నొక్కింది, లిఫ్టు బటన్ నొక్కినట్టు. కదల్లేదు.

ఇక జాబితా తయారీ మొదలైంది. గంటన్నర పట్టింది. అంత రభస దర్జీ పెళ్ళిచూపుల్లో కూడా జరగలేదట.

"ముందు నీళ్ళాయన్ని తీసేద్దాం," అంది కోడలు పిల్ల. "ముప్ఫై ఏడేళ్ళు. గెలిచింది సున్నా. వాడి స్థానంలో ఈ కొత్త కుర్రాణ్ణి తెద్దాం. కొండల మీద మెరుపు!"

"నీళ్ళాయన పోతే సీసాలు ఎవరు మోస్తారు? ఈ మెరుపు మోస్తుందా?"

"స్టార్లు మోయరత్తా."

"అయితే స్టార్లకు దాహం వెయ్యదా? వాడు మోస్తున్నాడు కాబట్టే పొడుగాయన కొండెక్కుతున్నాడు. మోసేవాణ్ణి తీసేసి, ఎక్కేవాడు ఎందుకు ఎక్కట్లేదని తిట్టేది మా ఆసుపత్రివాళ్ళు. నేను కాదు."

"సరే, ఉంచు. మరి ఏడో మనిషి?"

చార్టక్క దొరికే రైడర్ల జాబితా తీసి ఒక్కొక్కణ్ణీ పరీక్షించింది. ఆట చెప్పే వేగం, బలం ఆవిడకు అక్కర్లేదు. ఈ అబ్బాయి ఇల్లెక్కడ, ఉదయం డ్యూటీకి టైముకొస్తాడా, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగింది. ఆట చెప్పలేదు. "ఇంత ఫోనుండీ మనిషి గురించి ఒక్క ముక్క చెప్పదు" అని విసుక్కుంది. చివరికి ఒక మామూలువాణ్ణి ఎంచింది. కొండలూ ఎక్కగలడు, నేల మీదా తొక్కగలడు, రెండింట్లోనూ అంతంతమాత్రమే.

"వీడా? వీడెందుకత్తా?"

"వీడు ఎవరి బదులైనా తొక్కగలడు. వీడుంటే వారానికి ఒకడికి విశ్రాంతి. ముందు నీళ్ళాయనకి ఇస్తాను. పాపం ఏడాదిగా ఒక్కసారీ అడగలేదు."

"అడగనివాళ్ళకే ముందివ్వాలి, అంతేనా?"

"అంతే."

"మరి నువ్వెప్పుడైనా అడిగావా అత్తా?"

మామూలువాడు ఏడో గడిలో కూర్చున్నాడు. 'పంపు' బటన్ పచ్చగా వెలిగింది. చార్టక్క దాన్ని చాలాసేపు చూసి, చివరికి నొక్కింది. దర్జీ విరిగిన సూది తీసి కొత్తది బిగించాడు. దారం ఎక్కించడానికి మాత్రం ఆ రోజు ఆయనకు మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది.

మర్నాడు శుక్రవారం. ఆదివారంతో మొదలయ్యే వారానికి చార్టు రాసే రోజు; కాగితం మీద మాత్రం ఆదివారం గడి ఎప్పుడూ చివర్న, ఏడోదే. సూపర్‌వైజర్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"అందరికీ శుభవార్త! కొత్త బ్లాకు తెరుస్తున్నారు. రెండు కొత్త వార్డులు. మన లాండ్రీ స్థాయి పెరిగింది. ఒక రకంగా మనందరికీ ప్రమోషనే!"

"మనుషుల్ని ఎంతమందిని ఇస్తున్నారు సార్?" అంది చార్టక్క, మడత ఆపకుండా.

"మనుషులెందుకమ్మా, మీరున్నారుగా. నీ చార్టు చేతుల్లో మహిమ ఉంది. కొంచెం సర్దేయ్."

ఆవిడ చార్టు రాసింది. పన్నెండు వరుసలు నింపింది. ఒక్కొక్కరికీ వారానికొక 'సె' పెట్టింది. తన వరుసకొచ్చింది. ఏడో గడి దగ్గర ఈసారి పెన్సిలు ముట్టుకోలేదు. పెన్నుతో, రబ్బరుకు లొంగకుండా, 'సె' అని రాసింది. దాని కింద, పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న పద్నాలుగో వరుస మొత్తాన్నీ మొదటిసారి గీసి, ఆదివారం గడిలో 'ఎవరూ లేరు' అని రాసింది. గోడకు నాలుగు పిన్నులు గుచ్చింది. కుర్చీబాబు కూర్చున్న కుర్చీలోంచి లేచి చదివాడు. అతను తనంతట తాను కుర్చీ వదలడం ఎవరూ చూసెరగరు.

సూపర్‌వైజర్ సంతకానికి వచ్చి, పెన్ను తీసి, ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా, చుక్క ఏది?"

చూశారా. అయ్యగారికి చుక్క సంగతి మొదటి నుంచీ తెలుసు.

"చుక్క లేదు సార్. ఆదివారం నాకు సెలవు."

"మరి ఈ గడిలో ఎవరూ లేరని రాశావేం?"

"లేరు కాబట్టి సార్. పదకొండేళ్ళుగా లేరు."

"ఏదో ఒకటి సర్దుబాటు చెయ్యి తల్లీ. ఇది పైవాళ్ళు చూస్తే బాగోదు."

"చేద్దామనే చూశాను సార్. బటన్ పనిచెయ్యట్లేదు."

"ఏ బటన్?"

"పై డివిజన్లో గడి ఖాళీగా ఉంటే బటన్ నొక్కుకోదు సార్. మనకి ప్రమోషన్ వచ్చిందని మీరేగా అన్నారు."

సూపర్‌వైజర్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కాని ఆవిడ గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. దుప్పటి నాలుగు మూలలు కలిసినట్టు మాట నిలకడగా ఉంది. పదకొండేళ్ళుగా ఆయన చుక్క ఉందో లేదో చూసుకుని, మిగతాది చదవకుండానే సంతకం పెట్టేవాడు. ఆ రోజు చదివి పెట్టాడు.

ఆదివారం చార్టక్క అలవాటుకొద్దీ నాలుగున్నరకే లేచింది. స్నానం చేసింది, సంచి తగిలించుకుంది, గుమ్మం దాకా వెళ్ళింది.

"ఎక్కడికోయ్?" అన్నాడు దర్జీ, పక్క మీద నుంచే.

ఆవిడ సంచి దింపింది. "ఆదివారం పొద్దున జనం ఏం చేస్తారండీ?"

"పడుకుంటారు."

పడుకోవడం కుదరలేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసి మళ్ళీ మడిచి పెట్టింది. పదింటికి కోడలు పిల్ల వచ్చింది, ముగ్గురూ ఒక చిన్న ఫోను చుట్టూ చేరారు. నీళ్ళాయనకు విశ్రాంతి. మామూలువాడు సీసాలు మోస్తున్నాడు. పొడుగాయన కొండ సగం ఎక్కేసరికి చార్టక్క తన కాళ్ళు తనే నొక్కుకుంటోంది.

పన్నెండింటికి ఫోను మోగింది, లాండ్రీ గోడ ఫోను నుంచి. రేసు మధ్యలో. కుర్చీబాబు.

"అక్కా, నీ బల్ల దగ్గర సారే నిలబడ్డారు. ఎలాస్టిక్ దుప్పటితో కుస్తీ పడుతున్నారు. ఇప్పటిదాకా దుప్పటే గెలుస్తోంది."

వెనకనుంచి ఫోను ఎవరో లాక్కున్నారు. "అమ్మా, నేను. ఒక చిన్న సందేహం. దీనికి మూలలు ఎన్ని?"

"నాలుగే సార్."

"నాకు ఐదు వస్తున్నాయమ్మా."

"ఐదోది మీ చొక్కా కొస అయ్యుంటుంది సార్. వదిలెయ్యండి."

అటువైపు దుప్పటి బల్ల మీద పడేసిన చప్పుడు. "ఇది... ప్రతి ఆదివారమూ నువ్వొక్కదానివే చేసేదానివా?"

"అవును సార్. రేసు నడుస్తోంది, మళ్ళీ చేస్తాను."

పదహారు జట్లలో చార్టక్క జట్టు పదకొండో స్థానంలో వచ్చింది. కోడలు పిల్ల తల పట్టుకుంది. చార్టక్క మాత్రం గీతలు చూసింది. ఒక్కటీ ఎరుపు లేదు. "అందరూ ఇంటికి చేరారు. ఇంకేం కావాలే?" అని, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి ఆదివారం మధ్యాహ్నం నిద్రపోయింది. పట్టపగలు ఆవిడ గురక వినడం తనకదే మొదటిసారని, అది కుట్టు మిషనుకన్నా కొంచెం పెద్దదని, దర్జీ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు.

సోమవారం సూపర్‌వైజర్ పద్నాలుగో మనిషిని ఇమ్మని పైకి ఉత్తరం రాశాడు. ఆయన చేతిరాతను తిరగరాసింది చార్టక్కే. పదమూడు మందీ సంతకాలు పెట్టారు. కుర్చీబాబు నిలబడి పెట్టాడు. ఆ ఉత్తరం ఇప్పుడు పై అంతస్తులో 'పరిశీలనలో' ఉంది. ఆదివారాలు సూపర్‌వైజర్ మడత బల్ల దగ్గర నిలబడుతున్నాడు. మూలలు ఇప్పుడు నాలుగే వస్తున్నాయట. అయినా ఆయన చుక్క కావడం కూడా మనకు అక్కర్లేదు. ఆ గడికి కావలసింది జీతం, సెలవు, పేరు ఉన్న ఒక మనిషి.

అందుకని మీకో పని చెప్తున్నాను. ఈ వారం మీరు పనిచేసే చోట గోడ మీదున్న డ్యూటీ చార్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. ఎక్కడైనా చుక్క, అడ్డగీత, కొట్టివేత కనబడితే అది ఎవరని పైకి అడగండి, అందరూ వినేట్టు. మీ దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, మీకు పరిచిన దుప్పటి ఎవరు మడిచారో, ఆ లాండ్రీలో ఎన్ని స్థానాలు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, జవాబు కావాలని ఇచ్చి రండి. ఒక్క కాగితాన్ని పరిశీలనలో పెట్టడం తేలిక. నూరు కాగితాలకు బల్ల కావాలి, మనిషి కావాలి.

ఇక ఆ చుక్క మీరే అయితే, ఈ శుక్రవారం పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీయండి.